ఇచ్చింది వెనక్కి పుచ్చుకోండి: జి.మాడుగులకు పాత కంప్యూటర్లు, ఫోన్లు పంపే దాతలకు కొన్ని తలకిందుల సలహాలు

దానమిచ్చి తిరిగి అడగడం తప్పని మనకు చిన్నప్పటినుంచీ నూరిపోశారు. పాత కంప్యూటరో, ప్రింటరో, ఫోనో దానమిచ్చేవాళ్ళు మాత్రం తిరిగి అడిగి తీరాలి. ఎన్నేళ్ళకు వెనక్కి తీసుకెళ్తారో ఇచ్చేరోజే కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. అలా రాయడానికి మనసొప్పనివాళ్ళు అసలు ఇవ్వకపోవడమే మేలు.

ఈ మాటకి మొహం చిట్లించుకునేవాళ్ళుంటారు. ముందు ముందు చెప్పేవీ ఇలాంటివే. పనిచేసే ఫోను అమ్ముకుని పాడైపోయింది ఇవ్వమంటాను. ముసలివాళ్ళకి పాత ఫోను వద్దు, కొత్తది కొనిపెట్టమంటాను. పదిమందికి పది కంప్యూటర్లిద్దామని బయల్దేరినవాళ్ళని మూడింటితో ఆగమంటాను. విశాఖపట్నంలో కూర్చుని చదివితే అడ్డదిడ్డంగా కనిపించే ఈ సలహాలు పాడేరు ఘాటీ ఎక్కి చూస్తే సూటిగానే ఉంటాయి.

ముందు ఊరి సంగతి. జి.మాడుగుల అంటే గంగరాజు మాడుగుల. హల్వాకి పేరుపడ్డ మాడుగుల వేరు, అది కొండ కింద అనకాపల్లి జిల్లాలో ఉంది. పార్సిలు మీద ఉత్త ‘మాడుగుల’ అని రాసి ఊరుకోకండి. మనం మాట్లాడుతున్నది అల్లూరి సీతారామరాజు జిల్లాలో, పాడేరు నుంచి చింతపల్లి వైపు పోయే దారిలో ఉన్న మండల కేంద్రం. విశాఖ నుంచి వచ్చే సరుకు చోడవరం, కింద మాడుగుల దాటి, గరికబంద దగ్గర ఘాటీ ఎక్కి పైకి వస్తుంది. బియ్యం, ఉప్పు, సిమెంటు, టీవీలు, సెల్‌ఫోన్లు, టార్చిలైట్లు, అన్నీ అలా ఎక్కినవే. కాఫీ, మిరియాలు, పసుపు, చింతపండు, రాజ్‌మా అదే దారిన కిందికి దిగుతాయి. చెడిపోయిన మానిటరుకి మాత్రం దిగే దారి లేదు.

దిగకపోతే ఏమవుతుందో దగ్గరగా చూడండి. బడిలో మూలపడ్డ పాతకాలపు లావుపాటి మానిటరు ఒకటి ఏదో రోజు పాత సామాన్ల వ్యాపారి చేతికి వస్తుంది. వెనక ప్లాస్టిక్ డొప్ప ఊడదీస్తాడు. లోపల గరాటులాంటి గాజుగొట్టం, దాని మెడ చుట్టూ రాగితీగ చుట్ట ఉంటాయి. చుట్ట త్వరగా ఊడి రావాలంటే మెడ విరగ్గొట్టడమే తేలిక. లోపల గాలి లేని గొట్టం కాబట్టి మెడ విరగ్గానే గాజు పెంకులు ఎగురుతాయి, తెర వెనక పూసిన పొడి రాలుతుంది. రాగి, బోర్డు, వైర్లు సంచీలో పడతాయి. గాజుని ఎవరూ కొనరు కనక అది అక్కడే ఉంటుంది. సీసం ఎక్కువగా ఉన్నది ఆ గాజులోనే, అదీ ఒక్కో మానిటరుకి కిలో లెక్కన, పెద్దదైతే ఇంకా ఎక్కువ. ధర పలికేదంతా ఘాటీ దిగిపోయింది, విషం కొండమీదే ఉండిపోయింది. పిల్లల మెదడు ఎదుగుదలని సీసం దెబ్బతీస్తుంది. ఇంతవరకైతే ఫరవాలేదు అనదగ్గ మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ మండలంలో చాలా ఊళ్ళవాళ్ళు తాగేది ఊటనీళ్ళు, గెడ్డనీళ్ళు. మాచ్‌ఖండ్ నది పుట్టింది మాడుగుల కొండల్లోనే. అదే కిందికి వెళ్ళి సీలేరవుతుంది, శబరిలో కలుస్తుంది, కూనవరం దగ్గర గోదావరిలో పడుతుంది. ఎగువన పారేసింది ఎగువనే ఆగుతుందని ఎవరూ భరోసా ఇవ్వలేరు.

2022లో ప్రపంచం మొత్తం మీద పోగైన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక లెక్క చెప్పింది. అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకెక్కింది 22.3 శాతం. నగరాలు, రోడ్లు, ఫ్యాక్టరీలు ఉన్నచోట్లని కలుపుకున్నా పరిస్థితి ఇది. కొండమీది ఊరికి మన చెత్త మోసుకెళ్ళి ‘వాళ్ళే చూసుకుంటారులే’ అని దిగి వచ్చేస్తే అది దానమెలా అవుతుందో నాకు అర్థం కాదు. అందుకే మొదటి సలహా అంత గట్టిగా చెప్పాను. వస్తువు వెనక ఒక చీటీ అంటించండి. ఇచ్చిన తేదీ, తిరిగి తీసుకెళ్ళే సంవత్సరం, పాడైతే ఎవరికి ఫోన్ చెయ్యాలో అందులో ఉండాలి. ఊరు మారినా, ఉద్యోగం మారినా ఆ నంబరు పలకాలి. మీరు ఒక సంస్థ తరఫున ఇస్తుంటే సంస్థ నంబరే రాయండి.

మూడు ఇవ్వండి, పది వద్దు

రుషికొండ వైపు ఐటీ ఆఫీసుల నుంచి ఇప్పుడు ల్యాప్‌టాప్‌లు గుట్టలుగా బయటికొస్తున్నాయి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. అది లేని యంత్రాలు ఇంకా శుభ్రంగా నడుస్తున్నా ఆఫీసుకి బరువే. ‘ఏజెన్సీ స్కూలుకి ఇచ్చేద్దాం’ అన్న మాట ఇలాంటప్పుడే పుడుతుంది. ఆ మాటలో మంచితనం ఉంది, కాదనను. లారీ ఎక్కించేముందు కూర్చుని పది ల్యాప్‌టాప్‌లనీ విప్పి, మంచి బ్యాటరీలు, మంచి ర్యామ్‌లు, మంచి కీబోర్డులు ఏరి మూడింటిలో పెట్టండి. మిగిలిన ఏడూ విశాఖలోనే రీసైక్లర్‌కి అప్పగించండి. నాలుగేళ్ళు నడిచే మూడు యంత్రాలు బడికి పనికొస్తాయి. ఆర్నెల్లకొకటి చొప్పున కూలబడే పదింటివల్ల గది నిండుతుంది, అంతే. ఒక మాస్టారు వాటికి తాళం వేసి, తాళంచెవి ఎక్కడ పెట్టారో వెతుక్కుంటూ ఉంటారు.

డెస్క్‌టాప్‌లు అసలే వద్దు. డెస్క్‌టాప్ ఇస్తే దానితోపాటు యూపీఎస్ ఇవ్వాలి. యూపీఎస్‌లో ఉండేది సీసం, ఆమ్లం ఉన్న బ్యాటరీ, రెండు మూడేళ్ళకు చచ్చిపోతుంది. ఉరుములు, పిడుగులు, కోతలు, తక్కువ వోల్టేజీ ఉన్న కొండ ఊళ్ళో కరెంటు పోయినా ల్యాప్‌టాప్ తన బ్యాటరీ మీద నిలబడుతుంది. అమెరికా నుంచి సెలవులకొచ్చేవాళ్ళకి ఇంకో మాట. ల్యాప్‌టాప్ ఛార్జరు మీద 100-240 వోల్టులని ఉంటే ఇక్కడా నడుస్తుంది. 110 వోల్టుల ప్రింటరు తెచ్చి ఇక్కడి ప్లగ్గులో పెడితే మాడిపోతుంది, దయచేసి తేకండి. విడి లిథియం బ్యాటరీలు కేబిన్ సంచీలోనే తేవాలి, ఉబ్బినవి అక్కడే వదిలేయాలి.

హార్డ్‌డిస్క్ పగలగొట్టి పంపండి

గుండ్రంగా తిరిగే పాత హార్డ్‌డిస్క్ ఉన్న ల్యాప్‌టాప్‌ని ఉన్నదున్నట్టు ఇవ్వకండి. డిస్క్ బయటికి తీసి, లోపలి పళ్ళేలకు డ్రిల్లుతో బెజ్జాలు వేసి, ముక్కల్ని రీసైక్లర్‌కి పంపండి. కాల్చొద్దు. ఫైలు డిలీట్ చేసినంత మాత్రాన సమాచారం పోదు, రీసైకిల్ బిన్ ఖాళీ చేసినా పోదు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో పదిమంది ఆధార్ కాపీలు, బ్యాంకు పాస్‌బుక్కులు, జీతాల చిట్టాలు పడి ఉంటాయి. అవి మీ సొంతం కావు, ఇచ్చెయ్యడానికి మీకు హక్కు లేదు.

బడికి కూడా దీనివల్ల లాభమే. ఆ పాత డిస్క్ ఘాటీ కుదుపులకీ కరెంటు కోతలకీ ఎలాగూ ఎక్కువకాలం ఆగదు. దాని స్థానంలో చిన్న ఎస్‌ఎస్‌డీ కొనిపెట్టండి, పదేళ్ళ ల్యాప్‌టాప్ కూడా చురుగ్గా లేస్తుంది. లినక్స్ వేయండి, తెలుగు కీబోర్డు పెట్టండి. తెలుగులో నడిచే లినక్స్ కోసం ‘స్వేచ్ఛ’ సంస్థ కుర్రాళ్ళు హైదరాబాదులో ఏళ్ళ తరబడి పనిచేశారు. ఆ శ్రమ ఇలాంటి బళ్ళకోసమే. కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తెలుగు వికీపీడియాని ఇంటర్నెట్ లేకుండా డిస్క్‌లోనే పెట్టొచ్చు. సిగ్నలు దొరకని ఊళ్ళో పిల్లలకి నెట్ కావాల్సిన యంత్రం ఇచ్చి ప్రయోజనం లేదు.

ముసలివాళ్ళకి కొత్త ఫోను, మెకానిక్‌కి చచ్చిన ఫోను

రేషను కార్డు ఈకేవైసీ, పింఛను, ఉపాధి పని, చాలావాటికి ఫోనూ సిగ్నలూ కావలసిన రోజులివి. సిగ్నలు కోసం గుట్టెక్కడం ఈ మండలంలో చాలామందికి మామూలే. 2023 జూన్ 15న రాష్ట్రంలో ఒకేరోజు వంద జియో టవర్లు ప్రారంభమయ్యాయి, వాటిలో 85 అల్లూరి జిల్లాలోనివి. సంతోషించాల్సిన మాటే. కానీ జియో సిగ్నలు 4జీతో మొదలవుతుంది, 2జీ, 3జీ అందులో లేవు. మీ అటకమీద ఉన్న పాత నోకియా ఫోను ఎంత గట్టిదైనా ఆ టవరు కింద మూగదే. జాలిపడి దాన్ని తెచ్చి తాతగారి చేతిలో పెడితే ఆయన దాన్ని ఛార్జింగు పెట్టుకుని, నొక్కి నొక్కి, చివరికి తన చేతకానితనమే అనుకుంటారు. అది నాకు చాలా బాధ కలిగించే విషయం. 2023 జులైలో జియోభారత్ అనే 4జీ కీప్యాడ్ ఫోను 999 రూపాయలకి వచ్చింది. జియో టవరున్న ఊరికి అలాంటిది కొత్తది కొనివ్వండి. వేరే టవరైతే ఏ సిమ్ పలుకుతుందో ముందు ఊళ్ళో కనుక్కోండి. చెత్త తగ్గించాలని చెబుతూ కొత్తది కొనమంటావేమిటని అడగొచ్చు. పలకని ఫోను ఇచ్చిన రోజునే చెత్త, ఐదేళ్ళు పలికే ఫోను ఐదేళ్ళ తర్వాతే చెత్త.

మరి మీ దగ్గరున్న పనిచేసే స్మార్ట్‌ఫోన్? విశాఖలోనే అమ్మేయండి. అక్కడ దానికి ధర ఉంది, విడిభాగాలున్నాయి. ఆ డబ్బు కొత్త కీప్యాడ్ ఫోన్లకో, కొండమీది పిల్లల ఫోన్లు బాగుచేయించడానికో వాడండి. పాడైపోయిన ఫోన్లు మాత్రం పైకి పంపండి, సంతలో కూర్చునే మెకానిక్‌కి.

ఏజెన్సీలో ఏ పెద్ద సంతకి వెళ్ళినా టార్పాలిన్ నీడలో ఒక బల్ల, దాని మీద అరచెయ్యంత భూతద్దం, పళ్ళు తోముకునే బ్రష్షు, థిన్నర్ సీసా పెట్టుకున్న కుర్రాడు కనిపిస్తాడు. పసుపు ఆడే రోజుల్లో వచ్చే ఫోన్ల ఛార్జింగు రంధ్రం నిండా పసుపు పొడే. సూదితో గోకి, బ్రష్షుతో దులిపి, ఊది, ఛార్జరు గుచ్చి చూస్తాడు. సగం ఫోన్లు అంతటితో లేచి కూర్చుంటాయి. మిగతా సగానికి విడిభాగం కావాలి. ఆ భాగం కోసం పాడేరు, అక్కడ లేకపోతే విశాఖ వెళ్ళాలి, అంటే రానూపోనూ ఛార్జీలే ఫోను ధరకి దగ్గరపడతాయి. అలాంటి ఒక కుర్రాణ్ణి మంచి ఫోన్లు పంపమంటావా అని అడిగితే “మంచియి నాకెందుకు బాబూ? పోయినవే ఓ పది పంపండి. డిస్‌ప్లేలు, స్పీకర్లు, ఛార్జింగు బోర్డులు ఊడదీసుకుంటాను” అన్నాడు. ఒక చచ్చిన ఫోను నాలుగైదు బతికున్న ఫోన్లని నిలబెడుతుందని ఆ ఒక్క మాటతో తేల్చేశాడు.

పంపేముందు మదర్‌బోర్డు మాత్రం ఊడదీసి మీ దగ్గరే ఉంచుకోండి. మీ ఫొటోలు, ఐఎంఈఐ అనే ఫోను గుర్తింపు నంబరు ఉండేది అందులోనే. బోర్డు రీసైక్లర్‌కి వెళ్ళాలి. బ్యాటరీ ఉబ్బితే అదీ వెళ్ళాలి. ఊడదీసుకోగా మిగిలిన డొప్పలు, పనికిరాని ముక్కలు ఒక సంచీలో వేసి ఉంచమనండి, మళ్ళీ వచ్చినప్పుడు మీరే తెచ్చుకోండి.

ఇంత చెప్పినా డిగ్రీ చదివే పిల్లకో పిల్లాడికో మంచి స్మార్ట్‌ఫోన్ ఇవ్వాలనే అనుకుంటే ఇవ్వండి, కొత్త బ్యాటరీ వేయించి. ముందు సెట్టింగుల్లోకి వెళ్ళి గూగుల్ ఖాతా తీసేసి, ఆ తర్వాత రీసెట్ చేయండి. ఖాతా తీయకుండా రీసెట్ చేసిన ఫోను పాత యజమాని పాస్‌వర్డ్ అడుగుతూ తెర దగ్గరే ఆగిపోవచ్చు. ఐఫోన్ అయినా అంతే. *#06# నొక్కితే వచ్చే ఐఎంఈఐని ‘కేవైఎం’ అనే మూడు ఇంగ్లిషు అక్షరాల తర్వాత టైపు చేసి 14422కి మెసేజి పెడితే అది ఏ మోడలో, బ్లాక్ అయిందో కాదో తెలుస్తుంది. కొన్న బిల్లు కాపీ, ‘ఫలానావారికి ఇచ్చాను’ అని ఒక కాగితం జతచేయండి. ఖరీదైన ఫోను చేతిలో ఉన్న గిరిజన కుర్రాణ్ణి ‘ఇది ఎక్కడిది?’ అని ఎవరూ నిలదీయకుండా ఆ కాగితం కాపాడుతుంది.

బ్యాటరీల దగ్గర మాత్రం తలకిందుల మాటలేవీ లేవు. ఛార్జింగ్ టార్చిలైట్లలో చాలావాటిలో చిన్న సీసపు బ్యాటరీ ఉంటుంది, సోలారు వీధి దీపాల కింద పెద్దది ఉంటుంది. కొనేవాడు బరువు చూసుకుంటాడు కాబట్టి అమ్మేముందు ఆమ్లం పారబోయించేవాళ్ళున్నారు. ఆమ్లంతోపాటు సీసమూ నేలలోకి పోతుంది. నిలబెట్టి, మూతలు తీయకుండా, ఉన్నదున్నట్టు అమ్మండి. సీసం కరిగించి వలగుళ్ళు పోసే పని వంటపొయ్యి మీద చెయ్యొద్దు, పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు. ఫోను బ్యాటరీ ఉబ్బితే గుచ్చకండి, ఛార్జింగు పెట్టకండి. పొడి ఇసక పోసిన కుండలో పెట్టి ఇంటి బయట ఉంచండి. రాగి కోసం వైర్లు కాలిస్తే వచ్చే నల్లపొగలో డయాక్సిన్లుంటాయి. ఆ పొగ పీల్చే పని పిల్లలకి అప్పజెప్పడం చూస్తే ఊరుకోకండి.

ఇక కిందికి దిగే దారి. ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిర్వహణ నియమాలు 2022లో వచ్చి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. తయారీదారు తాను అమ్మినదానికి తగినంత చెత్తని నమోదైన రీసైక్లర్ల ద్వారా రీసైకిల్ చేయించాలి. ఆ రీసైక్లర్ల జాబితా కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో ఉంది, ఇచ్చేముందు పేరు సరిచూసుకోండి. హైదరాబాదు చర్లపల్లిలోని సీ-మెట్ పరిశోధన కేంద్రం సర్క్యూట్ బోర్డుల నుంచి లోహాలు రాబట్టే పద్ధతులు తయారుచేసింది. రీసైకిల్ కాని ప్రమాదకర వ్యర్థాల కోసం విశాఖ దగ్గర పరవాడ ఫార్మాసిటీలో కేంద్రం ఉంది. అంటే శాస్త్రముంది, చట్టముంది. జి.మాడుగుల నుంచి అక్కడిదాకా సంచీ మోసే మనిషి లేడు.

ఊరూరా ఈ-చెత్త డబ్బా పెట్టమనేవాళ్ళున్నారు. నేను వద్దంటాను. ఎవరూ ఖాళీ చేయని డబ్బా ఇంకో కుప్ప అవుతుంది. జనం ఎలాగూ వచ్చేచోటే పెట్టాలి. వారానికోసారి వచ్చేది సంతకి, నెలకోసారి వచ్చేది గిరిజన సహకార సంస్థ డిపోకి. 1956 నుంచి జీసీసీ ఈ కొండల్లో అటవీ ఫలసాయం కొంటోంది, రేషను సరుకులు అమ్ముతోంది. దాని లారీలు ఎక్కుతాయి, దిగుతాయి. బియ్యం బస్తాల పక్కన బ్యాటరీలు పెట్టమని నేననను. డిపో బయట మూతా తాళమూ ఉన్న ఇనప పెట్టె, ఏడాదికి రెండుసార్లు విడిగా ఒక చిన్న వ్యాను చాలు. తెచ్చిచ్చినవాళ్ళకి తూకం వేసి చేతికి డబ్బో, ఉప్పు ప్యాకెట్టో ఇవ్వాలి. పాత సామాన్ల వ్యాపారి డబ్బిస్తుంటే మనం ఉపన్యాసం ఇస్తామంటే కుదరదు. రాష్ట్ర ప్రభుత్వ స్వచ్ఛాంధ్ర కార్యక్రమంలో 2025 ఏప్రిల్ నెలకి ఎలక్ట్రానిక్ చెత్తనే అంశంగా పెట్టుకున్నారు. అలాంటి కార్యక్రమానికి ఈ వ్యాను తోడైతే ఏజెన్సీకి అదే పదివేలు.

అన్నిటికన్నా దగ్గరపడ్డ పని ట్యాబులది. ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకి ట్యాబులిచ్చింది. టీచర్లకిచ్చినవీ కలుపుకుని మొదటి విడత 2022 డిసెంబరు 21న సుమారు 5.18 లక్షలు, రెండో విడత 2023లో అదే తేదీన సుమారు 4.34 లక్షలు. రెండో విడతని అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి మొదలుపెట్టింది ఈ పక్కనే, చింతపల్లిలో. వారంటీ మూడేళ్ళు. మొదటి విడతకి అది 2025 డిసెంబరుతో అయిపోయింది, రెండోదానికి 2026 డిసెంబరుతో సరి. తెర పగిలినవి, ఛార్జింగు పిన్ను విరిగినవి, బ్యాటరీ ఉబ్బినవి ఇళ్ళ చూరుల్లోకి చేరడానికి ఇదే అదను.

వాటిని పారేయనివ్వకండి, దానం చేయనివ్వకండి, కొనుక్కోకండి. ఒకే మోడలువి రెండు దొరికితే తెర పోయినదాని బ్యాటరీ, బ్యాటరీ పోయినదాని తెర కలిపితే ఒకటి లేస్తుంది. ఒకే రకం యంత్రాలు ఇన్నేసి ఉండడం రిపేరు తెలిసినవాళ్ళకి దొరకని వరం. పాడేరు ఐటీడీఏ తలుచుకుంటే ఐటీఐ చదివిన నలుగురు కుర్రాళ్ళని ఆశ్రమ పాఠశాలలకి తిప్పి ఈ పని చేయించగలదు. తీసుకున్న ప్రతి పాడైన ట్యాబుకీ అది తెచ్చిన పిల్లకి రసీదు ఇవ్వాలి, నడిచేది తయారైతే మొదటి వంతు ఆమెదే కావాలి. పదో తరగతి అయ్యాక పిల్లలు ఊళ్ళకి చెదిరిపోతారు, మళ్ళీ దొరకడం కష్టం. ట్యాబులు తీసుకున్నవాళ్ళు బడికొచ్చే రోజు చూసుకుని వరండాలో ఒక బల్ల, ఒక రిజిస్టరు, ఇసక నింపిన ఒక కుండ పెట్టుకుని కూర్చోండి. ముందురోజు సాయంత్రమే హాస్టల్లో చెప్పి ఉంచండి, ఛార్జరు కూడా తెమ్మనండి.